మే మొదటి శనివారం మీ ఓటు ఎక్కడ?

ఉత్తర టెక్సస్‌లో స్థిరపడి, పౌరసత్వం పొంది, ఓటరు జాబితాలో పేరున్న తెలుగువారికి బహిరంగ లేఖ

నమస్కారం. ఈ లేఖ రాస్తున్న నాకు ఇక్కడ ఓటు లేదు. ఇల్లుంది, ఇంటికి పన్నుంది, ఆ పన్నుతో నడిచే బడిలో చదివే పిల్లలున్నారు. గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాణ్ణి గనుక ఓటు ఒక్కటే లేదు. పౌరులు కానివారు ఓటు వేయరాదన్న మాటను టెక్సస్ ఓటర్లు 2025 నవంబరులో రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు. దానిమీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఓటు చేతిలో ఉండీ స్థానిక ఎన్నికల ముఖం చూడని మీతోనే.

ఏప్రిల్ వస్తుంది. మీ ఇంటి విలువ ఇంత అంటూ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టు నుంచి కాగితం వస్తుంది. అక్కడి నుంచి మన వాట్సాప్ గ్రూపులకు నిద్ర ఉండదు. ఎవరి ఇంటికి ఎంత పెంచారు, పక్క వీధిలో ఇల్లు ఎంతకు పోయింది, ఆ విలువ తగ్గించమని ప్రొటెస్టు మనమే వేసుకోవాలా లేక మిగిలినదాంట్లో వాటా తీసుకునే కంపెనీకి అప్పగించాలా అన్న చర్చ రాత్రి పదకొండు దాటినా తెగదు. మే 15 గడువు అందరికీ కంఠతా వచ్చు. గోడ బీటలు, పాతబడిన పైకప్పు, వంకర తిరిగిన కంచె ఫొటోలు తీసి పంపినవారిని నేనెరుగుదును. విలువలో ఇరవై వేల డాలర్లు తగ్గించుకున్నవారు ఆ వారాంతం విందులో గొప్ప లాయరు కింద లెక్క. వంద డాలర్ల విలువకు డాలరు రేటు వేసుకుంటే, ఆ ఇరవై వేల వల్ల స్కూలు పన్నులో మిగిలేది ఏడాదికి రెండు వందల డాలర్లు. సొంతంగా ఉంటున్న ఇంటికి పన్ను విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది కదా, దాని కింద ఉన్న ఇల్లయితే మార్కెట్ విలువ తగ్గించుకున్నా పన్నులో పైసా తేడా రాకపోవచ్చు కూడా.

సరిగ్గా ఆ గడువుకు రెండు వారాల ముందు, మే మొదటి శనివారం, ఇక్కడ స్థానిక ఎన్నికలు. మన బడులను నడిపే స్థానిక సంస్థ స్కూలు డిస్ట్రిక్టు. దాని పాలకవర్గమైన ట్రస్టీలను చాలాచోట్ల ఎన్నుకునేది ఆ రోజే. అప్పుడప్పుడు, ఫలానా ఇన్ని కోట్ల డాలర్ల అప్పు చేసి బడులు కట్టమంటారా వద్దా అని డిస్ట్రిక్టు మిమ్మల్ని అడిగేదీ ఆ రోజే. ఆ అప్పును చట్టప్రకారం నలభై ఏళ్ల వరకు సాగదీయవచ్చు. ఆ శనివారం మన గ్రూపుల్లో నడిచేది ఇండియా నుంచి దిగిన మామిడిపళ్ల పెట్టెల ఆర్డర్లు, క్రికెట్ లీగ్ స్కోర్లు. మే నెల ఎన్నికలకు వచ్చేవారు చాలాచోట్ల నమోదైన ఓటర్లలో పదింట ఒకరు కూడా ఉండరు. రెండు వందల డాలర్ల కోసం మూడు వారాలు పోరాడినవారు, నలభై ఏళ్ల అప్పు గురించి అడిగిన రోజున ఇంట్లో ఉండిపోవడం నాకు మింగుడుపడని సంగతి.

ముందుగా బిల్లు సంగతి చూద్దాం. మనలో చాలామంది ఆ కాగితాన్ని సరిగా చదివి ఉండరు. డబ్బు నెలనెలా ఇంటి అప్పు కిస్తుతో పాటే ఎస్క్రో ఖాతాలోకి కట్ అయిపోతుంది, బ్యాంకు కట్టేస్తుంది. ఒకసారి తీసి చూడండి. కౌంటీ, నగరం, కమ్యూనిటీ కాలేజీ, స్కూలు డిస్ట్రిక్టు అని వరుసలుంటాయి. అన్నింటిలోకీ పెద్ద అంకె స్కూలుదే. ఆ స్కూలు రేటులో రెండు ముక్కలున్నాయి. ఒకటి నిర్వహణ రేటు: టీచర్ల జీతాలు, కరెంటు బిల్లు, బస్సు డీజిలు. రెండోది అప్పు రేటు: బాండ్ల, అంటే ఓటర్లు ఒప్పుకుని చేసిన అప్పుల, అసలు, వడ్డీ. ఈ రెంటి మధ్య గోడ ఉంది. బాండు డబ్బుతో టీచరుకు జీతం ఇవ్వడానికి వీల్లేదు. నిర్వహణ డబ్బు చాలక ఉపాధ్యాయులను తగ్గించిన డిస్ట్రిక్టే, అదే ఏడాది బాండు డబ్బుతో కొత్త జిమ్ కట్టవచ్చు. "జీతాలకు లేవు గాని భవనాలకు ఉన్నాయా" అని విసుక్కునేవారికి ఈ గోడ సంగతి తెలియదు.

ఇంకో తేడా ఉంది. దాని గురించి బయట ఎక్కువగా మాట్లాడరు. టెక్సస్‌లో 1993 నుంచి రాబిన్ హుడ్ అని పిలిచే పద్ధతి నడుస్తోంది. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నిర్వహణ పన్నులో కొంత భాగాన్ని రాష్ట్రం వెనక్కి తీసుకుని మిగతా వ్యవస్థలో కలుపుతుంది. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ లాంటి పేద డిస్ట్రిక్టులు కోర్టుకెక్కి గెలిచాక వచ్చిన ఏర్పాటు అది. న్యాయం లేదని నేను అనను. అయితే అప్పు రేటు కింద వసూలైన డబ్బుకు ఈ కోత లేదు. అక్కడి డాలరు అక్కడే ఉంటుంది. నిర్వహణ కింద పెంచితే కొంత రాష్ట్రానికి పోతుంది, అప్పు కింద పెంచితే మొత్తం మనదే అన్నప్పుడు ఏ పాలకవర్గం మనసైనా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కంప్యూటర్లు, బస్సులు కూడా బాండులోకి ఎక్కుతున్నాయంటే కారణాల్లో ఇదొకటి.

ఇక బ్యాలెట్. 2019లో రాష్ట్ర శాసనసభ స్కూలు నిధుల చట్టాన్ని మార్చినప్పుడు ఒక చిన్న వాక్యం చేర్చింది. ప్రతి స్కూలు బాండు ప్రశ్నలోనూ పెద్ద అక్షరాల్లో "ఇది ఆస్తి పన్ను పెంపు" అని అచ్చువేయాలని అందులో రాశారు. రేటు పెరిగినా సరే, పెరగకపోయినా సరే. డిస్ట్రిక్టులు వెంటనే మరో కాగితం తీస్తాయి: "మీ పన్ను రేటు పెరగదు" అని. మరి ఎవరిది నిజం? ఇద్దరిదీ సగం సగం. ఊరు పెరిగి కొత్త ఇళ్లు వచ్చినప్పుడు, పాత బాండ్లు తీరిపోతున్నప్పుడు, కొత్త అప్పు చేసినా రేటు ఉన్నచోటే ఉండవచ్చు. అంతవరకు డిస్ట్రిక్టు మాట నిజమే. కాని ఆ కొత్త అప్పు చేయకపోతే రేటు తగ్గి ఉండేది. ఆ తగ్గుదలను మీ జేబులోకి రానీయకుండా బడి వైపు మళ్లించమని అడుగుతున్నారు, అంతే. ఆ మాటను ఇంత సూటిగా బ్యాలెట్ చెప్పదు, కరపత్రమూ చెప్పదు. ప్రజాధనం ఖర్చుపెట్టి "అవును అని వేయండి" అని ప్రచారం చేయకూడదన్న నిషేధం డిస్ట్రిక్టులకు ఉంది. సమాచారం మాత్రమే ఇవ్వాలి. మంచి నిషేధమే, కాని దాని చాటున సమాచారం కూడా నీళ్లలా పలచబడిపోతోంది.

వారు తప్పనిసరిగా ఇవ్వాల్సిన ఒక పత్రం ఉంది. అదీ 2019లో వచ్చిన చట్టమే. పాత అప్పు ఎంత మిగిలింది, దాని వడ్డీ ఎంత, కొత్త అప్పుకు అసలు వడ్డీ కలిపి ఎంతవుతుంది, ఒక ఇంటి మీద ఏడాదికి ఎంత పడుతుంది, అన్నీ అందులో ఉండాలి. చూడదగ్గ పత్రం. తమాషా ఏమిటంటే ఆ లెక్కకు చట్టం ఎంచుకున్నది లక్ష డాలర్ల ఇల్లు. ఫ్రిస్కోలో గాని ప్రాస్పర్‌లో గాని లక్ష డాలర్ల ఇల్లు ఎవరైనా చూపిస్తే నాకు కబురు పెట్టండి. పైగా, సొంత ఇంటికి స్కూలు పన్నులో ఇచ్చే మినహాయింపును ఓటర్లు 2023లో 40 వేల నుంచి లక్షకు, 2025 నవంబరులో లక్షా నలభై వేలకు పెంచారు. అంటే ఆ లక్ష డాలర్ల ఇంటికి స్కూలు పన్ను సున్నా! లెక్క మనమే వేసుకోవాలి. ఆరు లక్షల ఇల్లనుకోండి. లక్షా నలభై వేలు తీసేస్తే పన్ను పడే విలువ నాలుగు లక్షల అరవై వేలు. వంద డాలర్లకు ఒక్క సెంటు పెరిగితే ఏడాదికి 46 డాలర్లు. ఐదు సెంట్లయితే 230. ఇంతకు మించిన గణితం అక్కర్లేదు. ఇంజనీర్లం కదా, ఆ మాత్రం చేయగలం.

ఓటర్లకు ఇలాంటివి అర్థం కావు, రాష్ట్రమే పైనుంచి కట్టడి చేయాలి అనేవారికి నా జవాబు మన చుట్టుపక్కల ఊళ్లే. అలెన్ డిస్ట్రిక్టు 2009లో ఓటర్ల అనుమతితో చేసిన అప్పులోంచి ఆరు కోట్ల డాలర్లతో హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం కట్టింది. 18 వేల సీట్లు, 2012లో ప్రారంభం, దేశమంతా వార్త. 2014లో కాంక్రీటు బీటలు వారి మూసేశారు. బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. 2016లో మెకిన్నీ ఓటర్లు 22 కోట్ల డాలర్ల బాండుకు ఒప్పుకున్నారు, అందులోనూ స్టేడియం ఉంది. అప్పట్లో స్టేడియాన్ని తరగతి గదులతో కలిపి ఒకే ప్రశ్నగా అడిగే వీలుండేది. పైకప్పు కారుతోందని ఒప్పుకున్నవాడు స్టేడియానికీ ఒప్పుకోక తప్పేది కాదు. 2019లో ఆ పద్ధతి మార్చారు. స్టేడియం, ఈతకొలను, కళల భవనం, టెక్నాలజీ లాంటివాటిని విడివిడిగా అడగాలన్నారు. ఫలితం చూడండి. 2023 నవంబరులో ప్రాస్పర్ డిస్ట్రిక్టు సుమారు 280 కోట్ల డాలర్ల అప్పు అడిగితే, కొత్త బడులకు ఓటర్లు సరే అన్నారు, 9.4 కోట్ల స్టేడియాన్ని తోసిపుచ్చారు. ప్రశ్నను విడదీసి అడిగితే ఓటరు విడదీసే జవాబిస్తాడు. పైనుంచి వేసే కట్టడికి ఆ తెలివి రాదు.

ఫ్రిస్కో కథ ఇంకా ఆసక్తికరం. 2016 ఆగస్టులో నిర్వహణ రేటు పెంచుతామంటే ఓటర్లు కాదన్నారు. డిస్ట్రిక్టు ఖర్చులు కోసుకుంది. 2018 నవంబరులో అదే ఓటర్లు రేటు ప్రతిపాదనకూ, 69.1 కోట్ల డాలర్ల బాండుకూ ఒప్పుకున్నారు. 2024 నవంబరులో రేటు పెంపు, సుమారు 108 కోట్ల బాండు కలిపి నాలుగు ప్రశ్నలు వచ్చాయి. నాలుగింటికీ కాదన్నారు. ఈ మూడు తీర్పుల్లో ఏది సరైంది అంటారా? నా మటుకు 2024లో రిపేర్ల ప్రశ్నకు అవుననే వేసేవాణ్ణి. ముప్పై ఏళ్ల కిందట కట్టిన బడికి ఏసీ మార్చడం విలాసం కాదు. కాని దశాబ్దాల తరబడి ఊరు పెరుగుతూనే ఉంటుందన్న లెక్కతో కట్టుకుంటూ వచ్చిన డిస్ట్రిక్టులో పిల్లల సంఖ్య తగ్గుముఖం పట్టింది. ఫ్రిస్కోలో ఒక మిడిల్ స్కూలు మూతపడింది. ప్లేనోలో నాలుగు బడులు మూసేయాలని 2024లోనే నిర్ణయించారు. అలాంటప్పుడు "ఒక్క నిమిషం ఆగి, మళ్లీ లెక్క వేసుకురండి" అని ఓటర్లు చెప్పడం అవివేకం కానే కాదు. కాదన్న రెండేళ్లకు అవునన్నవారు, మళ్లీ ఆరేళ్లకు కాదన్నవారు మొండివాళ్లూ కారు, అమాయకులూ కారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 నవంబరులో ఆస్తి పన్నుల మీద ఒక ప్రణాళిక ప్రకటించారు. స్థానిక సంస్థ ఏదైనా పన్ను పెంచాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలన్నది అందులో ఒకటి. సొంత ఇళ్లకు స్కూలు ఆస్తి పన్నును ఎత్తేసే ప్రశ్నను ఓటర్ల ముందు పెడతామన్నది మరొకటి. శాసనసభ మామూలు సమావేశాలు మళ్లీ 2027 జనవరిలో. అప్పటికి ఈ మాటలు బిల్లులవుతాయి. మన విందుల్లో ఇప్పటికే చప్పట్లు వినిపిస్తున్నాయి, ఎందుకంటే "ఓటర్లే నిర్ణయిస్తారు" అన్నది చెవికి ఇంపుగా ఉంటుంది. నాకూ ఇంపే. కాని మూడింట రెండు వంతులు అన్నప్పుడు నిర్ణయించేది ఎవరు? వందమంది ఓటేస్తే అరవై ఆరుగురు అవునని, ముప్పై నలుగురు కాదని అంటే, గెలిచేది ముప్పై నలుగురు. పదింట ఒకరు కూడా రాని మే ఎన్నికలో ఆ ముప్పై నలుగురు ఊరిలో ఎంత శాతమో మీరే చూసుకోండి. ఓటర్ల మీద నమ్మకముంటే సగానికి ఒక్కటి ఎక్కువ చాలాలి. నమ్మకం లేకపోతే లేదని చెప్పాలి.

ఇది ఊహ కాదు, చేసి చూసిన రాష్ట్రం ఉంది. కాలిఫోర్నియాలో స్థానిక స్కూలు బాండుకు మూడింట రెండు వంతుల నిబంధన చాలాకాలం నడిచింది. 1978లో అక్కడి ఓటర్లు ప్రొపొజిషన్ 13 తెచ్చి ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి, విలువ పెరుగుదలను ఏడాదికి రెండు శాతానికి బిగించారు. అరవై, అరవై అయిదు శాతం మంది కావాలన్న బడి కూడా ఓడిపోతూ వచ్చింది. చివరకు 2000 నవంబరులో అదే ఓటర్లు ప్రొపొజిషన్ 39తో స్కూలు బాండ్ల హద్దును 55 శాతానికి దించుకున్నారు. మసాచుసెట్స్ మరో దారి పట్టింది. 1980 నుంచి అక్కడ ఊరి మొత్తం ఆస్తి పన్ను వసూలు ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెరగకూడదు, కొత్త నిర్మాణాల లెక్క వేరు. దాటాలంటే ఊరివారి ఓటు కావాలి, సగానికి పైన వస్తే చాలు. బడి కట్టే అప్పు కోసమైతే ఆ అప్పు తీరేవరకే పెంపు, తీరగానే పోతుంది. పన్నుకు హద్దు ఉంది, ఆ హద్దును దాటించే తాళంచెవి మాత్రం ఊరి దగ్గరే ఉంది. టెక్సస్‌లోనూ హద్దులున్నాయి: 2019 చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు నిర్వహణ పన్ను రాబడిని మూడున్నర శాతానికి మించి పెంచాలంటే ఎన్నిక పెట్టాల్సిందే, అంతకుముందు హద్దు ఎనిమిది శాతం, అదీ జనం సంతకాలు సేకరించి అడిగితేనే ఎన్నిక. స్కూళ్లు కొత్త అప్పు చేయాలంటే వంద డాలర్లకు యాభై సెంట్లు మించని అప్పు రేటుతోనే తీర్చగలమని చూపించాలి. ఈ హద్దులతో నాకు తగాదా లేదు. హద్దు దాటే నిర్ణయాన్ని మెజారిటీ నుంచి లాక్కుని మైనారిటీకి అప్పగించడంతోనే తగాదా.

ఇక్కడ రాష్ట్రం వాటా గురించి కూడా ఒక మాట అనాలి. ఒక్కో విద్యార్థికి రాష్ట్రం లెక్కగట్టే కనీస మొత్తం 2019లో 6,160 డాలర్లు. 2025 వరకు అదే అంకె. ఆ ఆరేళ్లలో కిరాణా బిల్లు ఎంత పెరిగిందో మీకు తెలుసు. 2025లో శాసనసభ దాన్ని పెంచింది, 55 డాలర్లు. జీతాలకూ భద్రతకూ వేరే పద్దుల కింద ఇంకొంత ఇచ్చారు, కాదనను. కాని రాష్ట్రం చెయ్యి బిగించిన చోట డిస్ట్రిక్టు మన దగ్గరికి వచ్చి చెయ్యి చాపుతుంది. మనం డిస్ట్రిక్టును తిట్టుకుంటాం. రాష్ట్రం "చూశారా, స్థానిక సంస్థలు ఎలా పెంచుతున్నాయో" అంటుంది. సొంత ఇళ్లకు స్కూలు పన్నే ఎత్తేస్తే ఇక ఆ డబ్బు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నుంచి రావాలి. వ్యక్తిగత ఆదాయ పన్ను వేయకూడదని 2019లోనే రాజ్యాంగంలో రాసుకున్న రాష్ట్రం అది. మిగిలేది ముఖ్యంగా అమ్మకం పన్ను, చమురు గ్యాస్ రాబడి. చమురు ధర పడిన ఏడాది మన పిల్లల తరగతిలో ఎంతమంది ఉండాలో రెండు వందల మైళ్ల దూరంలో కూర్చున్నవారు తేలుస్తారు, మనల్ని అడగరు.

అడగకపోవడం అంటే ఏమిటో మనకు చెప్పాల్సిన పనిలేదు. మనం వచ్చిన చోట ఇంటి పన్ను గురించి ఎవరు ఎవర్ని అడిగారు? ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాల ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువ లెక్కకు మార్చారు, 2021 ఏప్రిల్ నుంచి. ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా హద్దు పెట్టింది కూడా ప్రభుత్వమే. నిరసనలు జరిగాయి, ధర్నాలు జరిగాయి, వార్డులో ఓటింగు మాత్రం జరగలేదు. ఇంటి పన్ను రసీదులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద ఉంటాయి. ఆ గ్రంథాలయం తలుపు ఎన్నిసార్లు తెరిచారో కట్టినవారికి తెలియదు. బడికి గదులు కావాలంటే నాడు–నేడు అనో, మన ఊరు–మన బడి అనో హైదరాబాదో అమరావతో ఒక పేరు పెట్టి మంజూరు చేయాలి. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, సగం లేచిన గోడ సగంలోనే ఉంటుంది. మన ఊరి బడికి ఎంత అప్పు చేయాలో చెప్పమని మన తల్లిదండ్రులను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. మిమ్మల్ని అడుగుతున్నారు. బహుశా ఆ అలవాటు లేకపోవడం వల్లే మనకు ఆ ప్రశ్న చెవికెక్కడం లేదేమో.

మొన్నామధ్య ఒక వ్రతం భోజనాల దగ్గర ఓ పెద్దాయన అన్నారు: "మా పిల్లలిద్దరూ కాలేజీలు దాటేశారు. ఇక ఈ బడుల అప్పు నేనెందుకు కట్టాలయ్యా?" ఆయన ఇల్లు కొన్నది 2003లో. అప్పుడు ఆ వీధిలో బడి ఉంది, బడికి మంచి పేరుంది, ఆ పేరు చూసే ఆయన కొన్నారు. ఆ బడి కట్టింది ఎవరి డబ్బు? తమ పిల్లల చదువులు అయిపోయిన ఏ పాత రైతో, టీచరో కట్టిన పన్నుతో తీరిన బాండు. పైగా 65 దాటాక సొంత ఇంటి స్కూలు పన్ను మొత్తం దాదాపు అక్కడే ఆగిపోతుందని, ఇంటికి కొత్త గదులు కలిపితే తప్ప కొత్త బాండు వల్ల ఆయన బిల్లు ఆ పరిమితి దాటదని ఆయనకు తెలియదు. అప్లికేషన్ పెట్టుకున్నారా అని అడిగితే, "అదేమిటి?" అన్నారు. ప్రొటెస్టు మాత్రం ఏటా వేస్తారు.

అలాగైతే పన్ను భారం లేనివారికి ఓటెందుకు, కట్టేవారే నిర్ణయించుకోవాలి కదా అనే వాదం ఒకటి ఆ భోజనాల దగ్గరే పుట్టింది. కొత్త వాదం కాదు. టెక్సస్‌లో ఒకప్పుడు బాండు ఎన్నికల్లో ఓటు ఆస్తి ఉండి దాన్ని పన్ను లెక్కలో నమోదు చేసుకున్నవారికే. ఫోర్ట్ వర్త్‌లో రెండు వేర్వేరు పెట్టెలు పెట్టేవారు, ఆస్తి నమోదు చేసినవారికొకటి, చేయనివారికొకటి. 1972లో గ్రంథాలయ బాండుకు మొత్తం ఓట్లలో మెజారిటీ వచ్చినా, ఆస్తిపరుల పెట్టెలో రాలేదని ఓడినట్టు ప్రకటించారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1975లో కొట్టివేతకు గురైంది. అద్దెకున్నవారు అద్దెలోనే ఇంటి పన్ను కడుతున్నారు. మన కుర్రాళ్లు ముగ్గురు నలుగురు కలిసి అపార్ట్‌మెంటులో ఉంటూ కట్టే అద్దెలోనూ ఆ వాటా ఉంది. సొంత ఇంటి మినహాయింపు మాత్రం ఆ భవనానికి లేదు. ఆ రెండు పెట్టెల కాలానికి తిరిగి వెళ్లాలనుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆనాడు ఆస్తి నమోదు చేయనివారి పెట్టెలో ఎన్ని అవునులు పడినా, ఆస్తిపరుల పెట్టె కాదంటే బాండు ఓడిపోయేది.

మీ నుంచి నేను కోరేది "అవును" కాదు, "కాదు" కాదు. రండి, చదవండి, వేయండి. మన సంఘాలు ఉగాదికి వేదికలు కడతాయి, సినిమా వారిని రప్పిస్తాయి, ఎన్నికల ఏడాదిలో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసే అభ్యర్థులతో ఫొటోలు దిగుతాయి. అదే హాలులో ఒక సాయంత్రం డిస్ట్రిక్టు ఆర్థిక అధికారిని, బాండును వ్యతిరేకించే ఊరివాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి తెలుగులో ప్రశ్నలు అడిగే కార్యక్రమం ఎందుకు పెట్టకూడదు? ఫ్రిస్కో డిస్ట్రిక్టులో ఆసియా మూలాల పిల్లలే ఇప్పుడు అతిపెద్ద వర్గం. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో సగం మందికి నాలాగే ఓటు లేకపోవచ్చు. అందుకే మీరు వేసే ఒక్కో ఓటు మామూలుకంటే బరువైనది. పన్ను రేటు ఖరారు చేసే బహిరంగ విచారణకు ఎవరైనా వెళ్లవచ్చు. నేను వెళ్లిన సాయంత్రం వేదిక మీద ఏడుగురు ట్రస్టీలుంటే, ఎదురుగా కుర్చీల్లో సిబ్బంది కాకుండా మిగిలినవారిని ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టవచ్చు. మాట్లాడటానికి నా పేరు పిలిచారు, మూడు నిమిషాలిచ్చారు, శ్రద్ధగానే విన్నారు. దానికి పౌరసత్వం అడగలేదు.

శాసనసభ్యులకు కూడా రాయండి. బాండు ఎన్నికలన్నీ జనం ఎక్కువగా వచ్చే నవంబరుకే మార్చమనండి. లక్ష డాలర్ల ఇంటి లెక్క బదులు ఆ డిస్ట్రిక్టులోని సగటు ఇంటి లెక్క అచ్చువేయమనండి. కొత్త అప్పు చేయకపోతే రేటు ఎంతకు తగ్గేదో ఆ పక్కనే చూపించమనండి. ఈ మూడూ చేసి, నిర్ణయం సగానికి పైన ఓట్లకే వదిలేయమనండి.

ఒక జాగ్రత్త. ఇంట్లో మీకు ఓటుండి మీ భార్యకో భర్తకో, అమ్మానాన్నలకో లేకపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటరు దగ్గర ఇచ్చే ఓటరు నమోదు కాగితం మీద పౌరులు కానివారు పొరపాటున కూడా సంతకం పెట్టకూడదు. అది నేరం, ఇమ్మిగ్రేషన్ ఫైలుకు పెద్ద ముప్పు. పౌరులైనవారు ఎన్నికకు ముప్పై రోజుల ముందే నమోదై ఉండాలి. మే మొదటి శనివారం అంటే ఏప్రిల్ మొదట్లోనే, అప్రైజల్ కాగితం వచ్చేసరికి గడువు దాటిపోయి ఉండవచ్చు. ఇల్లు మారినవారు చిరునామా మార్చుకోండి. మీరుండే నగరం, మీ స్కూలు డిస్ట్రిక్టు ఒకటే కానక్కర్లేదు. ప్లేనోలో, మెకిన్నీలో ఇల్లుండి ఫ్రిస్కో డిస్ట్రిక్టు కిందికి వచ్చేవారు మనలో చాలామంది. మీ బ్యాలెట్‌లో ఏ ప్రశ్నలుంటాయో కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ కొడితే నమూనా వస్తుంది. ముందస్తు ఓటింగు వారం పైనే ఉంటుంది, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆగినా సరిపోతుంది.

ఇట్లు,
ఫ్రిస్కో స్కూలు డిస్ట్రిక్టుకు పన్ను కడుతున్న ఒక ఇంటి యజమాని